కుడివైపు రాని పాట

నా భార్య పుట్టినూరు ఎమ్మిగనూరులో భజన జరిగినప్పుడు ఆమె పాడిన తత్వం పాట ఒకటి మా బావమరిది ఫోనులో రికార్డు చేసి పంపాడు. విన్నవాళ్లందరిదీ ఒకటే పొగడ్త. నాకు మాత్రం డోలు దరువు, హార్మోనియం మూలుగు తప్ప ఆమె గొంతు సరిగా అందలేదు. ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషి పాటను ఊరంతా వింటుంటే నేనొక్కణ్ణి వినలేకపోవడం నాకు మింగుడుపడలేదు. తప్పు ఫోనుదే అని తేల్చేశాను. నా చెవిని నేను అనుమానించడమా?

ఆదోని జిన్నింగు మిల్లులో ఫిట్టరుగా పనిచేసినవాణ్ణి. పత్తి నుంచి గింజ వేరుచేసే ఆ మిషన్ల రొదలో కూలీలు చేతికందిన దూదిని ఉండచేసి చెవుల్లో పెట్టుకునేవాళ్లు. ఫిట్టరు పెట్టుకోకూడదు, పెట్టుకుంటే నామోషీ. స్క్రూడ్రైవరు కొనను బేరింగుకు ఆనించి, పిడిని కుడి చెవికి అదుముకుని, ఏ మిషన్ ఎప్పుడు మొరాయిస్తుందో ముందే చెప్పేవాణ్ణి. "నీ సెవి ఉన్నంతకాలం నా మిషన్లకు దిగుల్లేదప్పా" అని సావుకారి భుజం తట్టేవాడు. ఆ తట్టుడుకే పొంగిపోయేవాణ్ణి, వెర్రివాణ్ణి.

సరే, ఆదోని బజారులో సెల్‌ఫోన్ల అంగడికి పోయి అగ్గిపెట్టెంత పెట్టె ఒకటి, పెద్ద హెడ్‌ఫోను ఒకటి కొన్నాను. ఆ పెట్టెను డ్యాక్ అంటారట. ఫోనుకూ హెడ్‌ఫోనుకూ మధ్య తగిలిస్తే పాటను శుభ్రంచేసి, బలమిచ్చి చెవికి పంపుతుందట. "పక్కన కూసోని పాడినట్లే ఉంటాదన్నా" అన్నాడు అంగడాయన.

ఇంటికొచ్చి వైర్లు తగిలించి పాట పెడితే, హెడ్‌ఫోను మూగ. ఫోను తన స్పీకరులోనే ఇల్లంతా వినబడేలా పాడుతోంది. ఫోనును నాలుగు తిట్టాను. సెట్టింగులన్నీ వెతికితే, బయటి పెట్టెలను ఫోనుకు కలిపే ఓటీజీ అనే మీట ఆపేసి ఉంది. దాన్ని ఆన్ చేయగానే పెట్టెమీద పచ్చ దీపం వెలిగింది. శబ్దం చాలక పెట్టె పక్కనున్న బలం మీటను పైకి నెట్టాను. అదీ చాలక ఫోనులో సౌండు చివరిదాకా పెంచాను. ఎడమవైపు ఆమె గొంతు కాస్త పలికింది. కుడివైపు దుప్పటి కప్పుకుని డోలు కొట్టినట్టుంది, అంతే. పిన్ను తుడిచాను, పీకి మళ్లీ గుచ్చాను. మార్పు లేదు. కుడివైపు పనిచేయని సరుకు అంటగట్టాడని ఒళ్లు మండిపోయింది.

మర్నాడు పొద్దున్నే అంగడికి పోయి గిరాకీల ముందే వాణ్ణి కడిగేశాను. అతను సౌండు తగ్గించి, హెడ్‌ఫోను పెట్టుకుని పాటంతా విన్నాడు. "రెండు పక్కలా బాగనే వస్తాందన్నా. తాళాలు సూడు, ఖణఖణ అంటాండాయి" అన్నాడు.

ఆ పాటలో తాళాలు ఉన్నాయని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఒకపని సెయ్యన్నా. ఎడమది కుడికి, కుడిది ఎడమకు తిప్పి పెట్టుకో" అన్నాడు. పెట్టుకున్నాను. లోపం పెట్టెదైతే ఆ మూగతనం ఎడమ చెవికి మారాలి. మారలేదు. నా కుడి చెవి దగ్గరే కూర్చుంది. అతను నా ముఖం చూడకుండా అన్నీ అట్టపెట్టెలో సర్ది ఇచ్చాడు. తిట్టినందుకు క్షమించమనకుండానే దాన్ని చంకలో పెట్టుకుని అంగడి దిగాను. నా చెవి మిల్లుకు అరిగిపోయింది. సావుకారి మిషన్లు మాత్రం భేషుగ్గా తిరుగుతున్నాయి.

ఇంటికొచ్చి మళ్లీ సౌండు చివరిదాకా పెంచుకుని కూర్చున్నాను. నా భార్య వచ్చి ఏమైందని సైగ చేసి, హెడ్‌ఫోను తీసుకుని తన చెవులకు పెట్టుకుంది. మరుక్షణం పీకి మంచంమీద విసిరేసింది. రెండు చెవులూ మూసుకుని నిలబడింది, కళ్లలో నీళ్లు.

"ఇంత గట్టిగ పెట్టినా ఇనపడల్యా నీకు?"

తల అడ్డంగా ఊపాను. అప్పుడు గుర్తొచ్చాయి నా నోటి మాటలు. నోట్లో గొణుక్కుంటావేం, నాలుక లేదా అని ఎన్నేళ్లుగా ఆమెను కసురుకున్నానో. చుట్టాల ముందు కూడా కసిరాను. రానురాను ఆమె నాతో మాటలు తగ్గించేసింది. ఇల్లు ప్రశాంతంగా ఉందని సంతోషించాను నేను.

ఆమె నా ఎడమవైపుకు వచ్చింది.

"నా గొంతే పోయిందనుకున్యా. ఎమ్మిగనూరులో డాక్టరుకాడికి రెండుసార్లు పోయి సూపిచ్చుకున్యా, నీకు సెప్పకుండా. గొంతు బాగుందమ్మా అన్యాడు. ఊరంతా పొగిడినా నేను నమ్మల్యా. నిన్నే నమ్మినా."

ఈ మాటలు ఆమె అరిచి చెప్పింది. పక్కింటివాళ్లు కూడా వినే ఉంటారు.