పిన్నమ్మ అడిగిన ఫొటో

పాండిచ్చేరి నటేశన్ నగర్‌లో మా పక్కింటి పిన్నమ్మకు ఒళ్ళంతా బొల్లి మచ్చలు. ఎండాకాలంలోనూ పొడుగు చేతుల రవికే తొడుక్కునేది. స్నానం కూడా లైటు ఆర్పుకునే చేసేదట. నేను డిజిటల్ కెమెరా కొన్న ఏడాది, ఒక మధ్యాహ్నం మా ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టింది.

"దీనికి ఫిలిం కడిగేవాళ్ళు ఉండరు గదా పాపా? గుడ్డల్లేకుండా నన్నొక ఫొటో తియ్యి. నా ఒళ్ళు నేనే సరిగా చూసుకోలా. మొగం మాత్రం పడకూడదు."

చీరా రవికా విప్పి, కిటికీ వైపు తిరిగి నిలబడింది. ఆ వీపును పగటి వెలుతురులో ఫొటో తీసి, కెమెరా తెరమీద చూపించాను.

చాలాసేపు చూసింది. "ఏందీ, ఇంతేనా? దీనికా నేను ఇన్నేండ్లు భయపడింది?" అంది. కళ్ళు తుడుచుకుని, జుట్టు సవరించుకుని, నా వైపు తిరిగింది.

"ఇంకోటి తియ్యి పాపా. ఈ తూరి మొగం గూడా పడాల."