నలిపినా వాసన రాని ఆకు

ఇలా దగ్గరకు జరిగి కూర్చోండి. కాళ్ళు బారజాపుకున్నా ఫరవాలేదు, మనమంతా ఒక ఈడు వాళ్ళమే. చెప్పబోయేది పెద్ద కథేమీ కాదు. ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పలేదు కనుక చెప్పేటప్పుడు గుండె బరువెక్కుతుందేమో అనుకున్నాను గానీ, తీరా నోరు తెరిస్తే తిమ్మిరెక్కిన చేతిని గిల్లినట్టుంది. గిల్లడం తెలుస్తోంది, నొప్పి తెలియడం లేదు.

మొన్న వానలు వెనకపట్టాక మా కోడలికి తుమ్ములు పట్టుకున్నాయి. ఏటా ఈ రోజుల్లో వస్తాయట. ఫోనులో ఇంటి వైద్యాలన్నీ వెతికి, అల్లమట, తేనెట, పసుపట అంటూ నాకు చదివి వినిపించి, అత్తయ్యా, వీటిలో ఏది మంచిదో మీరు చెప్పండి అని అడిగింది. నాకు తెలియదమ్మా, డాక్టరుకు చూపించుకో అన్నాను. ఆ పిల్ల నా మొహం వంక వింతగా చూసింది. చూడదూ మరి! బంధువుల్లో ఎవరికి దగ్గొచ్చినా పడిశం పట్టినా ఇప్పటికీ నాకే ఫోను చేస్తారు. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్నే అయినా, ఆకు చూసి పేరు చెప్పడంలో నన్ను మించినవాళ్ళు లేరని మా వాళ్ళందరిలో పేరు.

ఊరూరి నుంచీ పిల్లలు పెట్టె పట్టుకుని కంప్యూటరు నేర్చుకోవడానికి అమీర్‌పేటలో దిగుతున్న రోజులవి. మేమూ గోదావరి వైపు నుంచి మావారి ఉద్యోగం కోసం వచ్చి, మైత్రీవనం వెనక సందులో రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం. మా ఆడపడుచు, అంటే మావారి చెల్లెలు, డిగ్రీ అవగానే మా దగ్గరికి వచ్చేసి కంప్యూటరు కోర్సులో చేరింది. మా మామగారు ఆమెకు ఒక్క ఏడాది గడువిచ్చారు. ఆలోగా ఉద్యోగం వస్తే సరే, లేకపోతే ఊరికి వచ్చి అక్కడి ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పుకోవడమే. ఆ పిల్లకు ఊరికి పోవడం బొత్తిగా ఇష్టం లేదు. పొద్దున క్లాసుకు, సాయంత్రం ప్రాక్టీసుకు, ఇంటికొచ్చాక అట్టముక్క మీద తెల్లకాగితం అంటించి కీబోర్డు గీసుకుని దాని మీద వేళ్ళు ఆడించుకుంటూ కూర్చునేది.

తెలివైన పిల్లే, ముక్కే సహకరించలేదు. ఊళ్ళో ఏనాడూ తుమ్మి ఎరగని మనిషికి ఇక్కడికొచ్చి వానాకాలం తగలగానే తుమ్ములు మొదలయ్యాయి. కళ్ళు దురదలు, గొంతు గరగర. మొదటి ఇంటర్వ్యూలో ఎదుట కూర్చున్న ముగ్గురి ముందూ వరసగా పధ్నాలుగు తుమ్మిందట. నీకంటే ముందు నీ ముక్కే జవాబు చెప్పేస్తోందే అని మావారు ఏడిపించేవారు. రెండోసారి మాత్ర వేసుకుని వెళితే, ఆ మాత్రకు మత్తొచ్చి అడిగినదేమిటో సగం వినిపించలేదు. మూడో పిలుపు పంజాగుట్టలో ఒక కంపెనీ నుంచి వచ్చింది, అదీ వినాయక చవితి మర్నాటికి. మామగారి గడువు ఆ నెలాఖరుతో సరి.

వదినా, ఆ ఒక్క పూట తుమ్ము రాకుండా చెయ్యి చాలు, తక్కినది నేను చూసుకుంటాను అంది.

అంత మాట అన్నాక ఊరుకుంటానా? మిరియాలు, పసుపు వేసి మరగబెట్టిన పాలు ఇచ్చాను. ఎర్రగడ్డ బజారుకెళ్ళి వావిలాకు సంపాదించి, మరిగే నీళ్ళలో వేసి దుప్పటి కప్పి ఆవిరి పట్టించాను. పెనం మీద వాము దోరగా వేయించి పలచని గుడ్డలో మూటకట్టి వాసన చూడమనేదాన్ని. బయటికి వెళ్ళేటప్పుడు ముక్కుపుటాలకు కొబ్బరినూనె తడి చేసేదాన్ని. మరి అవే పనిచేశాయో, పనిచేస్తాయన్న నమ్మకమే పనిచేసిందో గానీ, నాలుగు రోజులకు తుమ్ములు బాగా తగ్గాయి. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది.

చవితి పూజకు ఇరవై ఒక్క పత్రాల్లో మొదట వేసేది మాచిపత్రి. బజారులో కొన్న కట్టలో అది లేదు. మా వాటా వెనక ఖాళీ స్థలంలో చూస్తే, నడుమెత్తున పెరిగి, చీలికల చీలికల ఆకులతో, చిన్న చిన్న తెల్ల పువ్వులతో బోలెడంత ఉంది. మా ఊళ్ళో చిన్నప్పుడు కోసిన ఆకే అనుకున్నాను. కోస్తుంటే ఇంటి ఓనరు గారి తల్లి గోడ పక్క నిలబడి చూస్తోంది. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ ఈ చుట్టుపక్కలే.

"గా గడ్డెందుకు తెంపుతున్నవ్ బిడ్డా? చేతులు దురద వెడ్తయి."

"గడ్డి కాదండీ పెద్దమ్మగారూ, మాచిపత్రి. దేవుడికి."

"మీ దిక్కు దేవుడు గిదే తింటడా ఏంది? మస్తు అగ్గువ దేవుడే!" అని నవ్వుకుంటూ పోయింది. వాళ్ళ మాటలో అగ్గువంటే చవక.

నాకు ఒళ్ళు మండింది. పత్రి పేరు తెలియదు పాపం ఈవిడకు, నాకు నేర్పుతోంది అనుకున్నాను. ఒక ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మాచిపత్రి నలిపితే వాసన గది దాటి పోవాలి. ఇది పచ్చిగడ్డి వాసన తప్ప ఏమీ లేదు. పట్నం మట్టిలో, ఈ బస్సుల పొగలో పుట్టిన ఆకుకు వాసనెక్కడిది లెమ్మని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అన్నిటినీ మా ఊరితో పోల్చి తక్కువ చేసే గుణం అప్పట్లో మాకందరికీ ఉండేది, ఒప్పుకోవాలి.

పూజ అయిపోయింది. మాచిపత్రి వాసన చూస్తే పడిశం దిగుతుందని మా అమ్మమ్మ అనేది. పైగా దేవుడి పాదాల దగ్గర పెట్టి తీసిన ఆకు. పువ్వులతో సహా గుప్పెడు నలిపి వాముతో కలిపి మూటకట్టి ఆడపడుచుకిచ్చి, ఆవిరి గిన్నెలో ఇంకో గుప్పెడు వేశాను. దుప్పటి కింద నుంచి ఆ పిల్ల దగ్గుతుంటే, కఫం కదులుతోందమ్మా, ఇంకాస్త గట్టిగా పీల్చు అన్నాను. ఆ మాట అన్నది నేనే.

తెల్లవారేసరికి ఆమె కళ్ళు వాచి మూసుకుపోయాయి. మొహమంతా కందిపోయింది. ఊపిరి తీస్తుంటే పిల్లనగ్రోవిలా ఈల వినిపిస్తోంది. ఇంటర్వ్యూకని ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేసుకున్న చుడీదారు అలాగే ఉంది. మావారూ నేనూ ఆటోలో చెరో పక్కన పట్టుకుని ఆసుపత్రికి బయలుదేరాం. పంజాగుట్ట దగ్గరకు వచ్చేసరికి ఖైరతాబాద్ వినాయకుడిని చూడటానికి పోయే జనంతో దారంతా నిండిపోయింది. ఆటో డ్రైవరు తల బయటపెట్టి, "జర జరుగు అన్నా, లోపల పేషెంటుంది!" అని అరుస్తున్నాడు. ఆమె ఇంటర్వ్యూకు వెళ్ళాల్సిన మేడ ఎదుటే మా ఆటో ఆగింది. కళ్ళు తెరవలేక, తల మాత్రం అటు తిప్పి, వదినా టైమెంతయింది అని అడిగింది. పదింపావు అని చెప్పాను. ఇంటర్వ్యూ పదింటికి.

ఆసుపత్రిలో ఇంజెక్షను చేసి, ఏదో పడలేదన్నారు. మధ్యాహ్నానికి ఊపిరి కుదుటపడింది. మావారు కంపెనీకి ఫోను చేస్తే, ఈరోజు చాలామందే వచ్చారు, ఎంపిక అయిపోయింది అన్నారట. నేను ఇంటికొచ్చి ఆవిరి గిన్నె కడుగుతుంటే ఓనరు గారి తల్లి పలకరించడానికి వచ్చి, కిటికీలో ఉన్న మూట విప్పి, నలిగిన ఆకును తిరగేసి చూసింది.

"గిది మాచిపత్రి గాదు బిడ్డా, వయ్యారిభామ. మాచిపత్రి ఆకు ఎనక తెల్లగుంటది. గా పువ్వుల దుమ్ము గాలికి లేసే కాలమే గిది, అందుకే మీ పిల్లకు తుమ్ములు. నువ్వు సక్కగ తెచ్చి ముక్కుకే కట్టినవ్."

ఏ పువ్వుల దుమ్ముకు ఆ పిల్ల వానాకాలమంతా నలిగిందో, దాన్నే కోసి, పూజ చేసి, మరిగించి పట్టించాను. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. చెబుదామని రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళాను, కాళ్ళు వెనక్కి వచ్చాయి. ఏడుపొస్తుందేమో అనుకున్నాను, అదీ రాలేదు. వంట చేశాను, వడ్డించాను, బట్టలు ఆరేశాను.

నెలాఖరుకు ఆమె ఊరెళ్ళిపోయింది. బస్సెక్కే ముందు నా చెయ్యి పట్టుకుని, నీ మూలంగానే వదినా ఆ నాలుగు రోజులైనా హాయిగా నిద్రపోయాను, నా రాత బాగాలేకపోతే నువ్వేం చేస్తావు అంది. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. బస్సు కదిలింది.

ఆమె బడిలో చేరింది, పెళ్ళయింది, ఇప్పుడు అదే బడికి హెడ్‌మిస్ట్రెస్. బాగానే ఉంది, నిక్షేపంలా ఉంది. ఏ పెళ్ళిలో కలిసినా నన్ను నలుగురి ముందుకీ లాక్కెళ్ళి, మా వదిన హస్తవాసి అలాంటిది, ఆమె ఇస్తే గడ్డిపరకైనా మందే అని చెబుతుంది. అందరూ తలలూపుతారు. నేను నవ్వుతాను. ఆ నవ్వు ఎక్కడి నుంచి వస్తుందో నాకే తెలియదు.

ఆ ఖాళీ స్థలంలో ఇప్పుడు ఆరంతస్తుల మేడ ఉంది. ఓనరు గారి తల్లి పోయి ఎన్నాళ్ళో అయింది. తుమ్ములు మాత్రం పోలేదు. ఆ రోజుల్లో మందు ఒక మనిషి చేతి నుంచి వచ్చేది, మంచైనా చెడైనా ఆ చెయ్యి ఎవరిదో తెలిసేది. ఇప్పుడు ఫోనులోంచి వస్తోంది, అది ఎవరి చెయ్యో ఎవరికీ తెలియదు, దానికి నిద్రపట్టని రోజులూ ఉండవు. ఒకప్పుడు తెలిసిందని చెప్పడమే నాకు సుఖంగా ఉండేది. తెలియదని చెప్పడం నేర్చుకునేసరికి ముసలితనం వచ్చేసింది.

పోనివ్వండి. మీ ఇంట్లో పెద్దా పిన్నా అందరికీ ఊపిరి తేలిగ్గా ఆడాలి. మీ వాళ్ళు మిమ్మల్ని నమ్మి పుచ్చుకున్నది ఎప్పుడూ మందే కావాలి. ఒకవేళ కాకపోతే, బస్సు కదలకముందే ఆ మాట మీ నోట రావాలి. చల్లగా ఉండండి.