ముల్లంగి ఆకులో పసుపు

బిలాస్‌పూర్ వెయిటింగ్ రూములో ఆ సాయంత్రం నేనూ మా అమ్మాయీ రైలు కోసం కూర్చున్నాం. సంచి బరువని ముల్లంగి ఆకులు తుంపి బెంచీ కింద పడేస్తే, ఎదుటి పెద్దమనిషి వాటిని ఏరుకున్నాడు. రైల్వే క్వార్టర్లలో మా తెలుగువాళ్ళం ఆ ఆకు ముట్టం. అది కూలీల కూరని మాకు ఏవగింపు. ఆయన కొన్ని ఆకులు తన పెట్టెలోంచి తీసిన చిన్న కల్వంలో నూరి, స్పిరిట్ పోసి, ఆ పచ్చటి రొచ్చులో సుద్దముక్క నిలబెట్టాడు.

"ఏటి బాబూ ఈ కంపు?" అన్నాను, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని.

"ఆకులో పసుపు రంగెంతుందో కొలుస్తన్నానమ్మా. సర్కారు ల్యాబులో అదే నా డ్యూటీ."

సుద్ద మీద ఆకుపచ్చ కిందే ఆగి, పసుపు పైకెక్కింది. ఆయన పసుపు గాజుపలకలు ఒక్కొక్కటే పక్కన పెట్టి పోల్చాడు. అన్నిటికన్నా ముదురు పలకే సరిపోయింది.

పొద్దు వాలింది. దీపాలింకా వెలిగించలేదు. మా అమ్మాయి గ్లాసు కోసం తడుముకుంటూ నీళ్ళ చెంబు తన్నేసింది.

"కళ్ళు నెత్తికెక్కాయేటే!" అని వీపు మీద ఒక్కటేశాను.

"రోజూ పొద్దుగూకితే ఇంతేనేటమ్మా?" అన్నాడాయన.

తలూపాను. ఆయన మిగిలిన ఆకుల్ని దులిపి, కట్టకట్టి నా సంచిలో పెట్టాడు. "పిల్లకి రేచీకటమ్మా. ఆ పసుపు కంటికే మంచిది."

ఇప్పుడు ముల్లంగి ఆకు వండని వారం లేదు. ఆ కంపు ఎప్పుడో మర్చిపోయాను. ఆకు తుంపుతుంటే, ఆ రోజు పిల్లని కొట్టిన ఈ చెయ్యి చూస్తేనే రోత.