పరంధామయ్య తవ్విన గుంతలు

పాకాల పక్క పల్లెలో పరంధామయ్యకు కోపమే వృత్తి. వ్యవసాయం పక్కపని. నిద్రలో కూడా ఎవరినో ఒకరిని తిడుతూనే ఉంటాడని ఆయన భార్య యశోదమ్మే చెప్పేది. అబ్బబ్బ, ఏం నోరది!

పంతొమ్మిది వందల డెబ్బైల్లో మిలిటరీ వేలంలో పాత జీపులు కొన్నవాళ్లంతా తోలడం నేర్చుకోవడానికి ఆయన దగ్గరికే పోయేవాళ్లు. కొత్తవాళ్ల కోసం తన బీడులో ఒక సులువు బాట వేశాడు. కాస్త ఇసుక, చిన్న మిట్ట, ఒక మలుపు, అంతే. కాని పక్క సీట్లో ఆయన కూర్చునేవాడు. అదే కష్టం.

“క్లచ్చి మింద కాలెందుకురా? అదేమన్నా మీ అత్తగారింటి పీటా? దిగు!”

తప్పు చేసినవాడు దిగాలి. బానెట్టు నిమిరి “తప్పయింది తల్లీ” అని జీపుకు చెప్పుకోవాలి. అప్పుడే మళ్లీ ఎక్కనిచ్చేవాడు.

అలా జీపు కొని నేర్చుకోవడానికి వచ్చిన ధనంజయ ఆ వారమంతా ఎక్కినదానికంటే దిగిందే ఎక్కువ. అతని భార్య భారతమ్మ ఏటి అవతల పుట్టింట్లో నెలలు నిండి ఉంది. ఏటి ఇసుకలోకి బస్సు దిగదు. నొప్పులొస్తే ఆసుపత్రికి తేవలసింది ఇతనే.

శుక్రవారం వెళ్లేసరికి సులువు బాట మాయమైంది! మోకాలి లోతు ఇసుక, అడ్డంగా రెండు గుంతలు, వాటి మధ్య ఒక బండ. ధనంజయకు ఒళ్లు మండిపోయింది.

“సులువు బాటంటివి గదా మామా! నా మింద ఏం పగ నీకు?”

“పగే! ఎక్కు!”

కూరుకుపోయాడు. దిగాడు. తప్పయిందన్నాడు. మళ్లీ కూరుకుపోయాడు.

“చిన్న గేరు యాడుండాదో సూడు! నాలుగు చక్రాలూ లాగాల! ఇసకలో ఆపినావంటే కాళ్లు ఇరగ్గొడతా!”

సాయంత్రానికి ఎలాగో దాటాడు. ఇంక ఈ మనిషి గడప తొక్కనని ఒట్టు పెట్టుకుని, మొహం కూడా చూడకుండా వెళ్లిపోయాడు.

ఆదివారం నొప్పులని కబురొచ్చింది. ఏట్లోకి జీపు దించగానే ధనంజయ నోరు తెరిచాడు. మోకాలి లోతు ఇసుక. అడ్డంగా రెండు గుంతలు. వాటి మధ్య ఒక బండ. చేయి దానంతటదే చిన్న గేరు మీదికి పోయింది. ఎక్కడా ఆపకుండా దాటేశాడు.

తిరుగుదారిలో అత్త అక్కమ్మ కూతురి తలను ఒళ్లో పెట్టుకుని అంది: “నాలుగు దినాల కింద ఒక ముసలాయన వచ్చినాడు నాయనా ఈడికి. గుంతలన్నీ అడుగులేసి కొలిచినాడు. ఏటిని బండబూతులు తిట్టినాడు. పిచ్చోడేమో అనుకుంటిమి.”

“తప్పయింది మామా” అని గొణుక్కున్నాడు ధనంజయ.

ఆసుపత్రిలో ఆడబిడ్డ పుట్టింది. ధనంజయ ఒట్టు తీసి గట్టున పెట్టి, పరంధామయ్యను తీసుకొచ్చి, బిడ్డను ఆయన చేతుల్లో పెట్టాడు. ఆ పిల్ల కాలు చాపి ఆయన ఛాతీ మీద ఒక్కటిచ్చింది.

“క్లచ్చి మింద కాలెందుకే?” అని కసిరాడు పరంధామయ్య.

దిగమని మాత్రం అనలేదు.