కొత్త మెషీనుకు ఆ చిల్లు అర్థం కాలేదు

మా దీవికి స్వాతంత్ర్యం రావడానికి ముందు ఏడాది పోర్ట్ లూయీలోని మా చెరకు ఆఫీసుకి కొత్త కంప్యూటర్ వచ్చింది. ఏనుగంత ఒళ్ళు, దోమంత బుద్ధి. దాన్ని మేపడానికి సముద్రం దాటి ఒక నిపుణుడు కూడా దిగాడు. ఆయన టై ఎంత పొడుగంటే, ఆయన కుర్చీలో కూర్చున్నాక అది కూర్చోడానికి ఇంకో అర నిమిషం పట్టేది.

"పాత మెషీను కార్డులన్నీ ఇందులో ఉన్నవున్నట్టే నడుస్తాయి," అన్నాడు, వరమిస్తున్నట్టు.

ఏ రైతు చెరకు కోసం లారీ ఏ రోజు వెళ్ళాలో ఆ చిల్లుల కార్డులే చెప్పేవి. వాటిలో నా దొంగపని ఒకటుంది. మన తెలుగువాళ్ళు గోవింద శనివారాలు ఉపవాసముంటారు, ఆ రోజు చెరకు కత్తి ముట్టరు. ఫ్యాక్టరీ దొరలకి చెబితే పళ్ళికిలిస్తారు. అందుకని మనవాళ్ళ కార్డుల నెత్తిన రహస్యంగా ఒక్కో చిల్లు పొడిచి, అది కనబడితే శనివారం వదిలెయ్యమని పాత మెషీనుకు నేర్పాను. మూడేళ్ళు అది కిక్కురుమనకుండా పాటించింది.

కొత్తదానికి అంత సంస్కారం ఎక్కడిది!

మంగళవారం పొద్దున్నే కాంప్ ద మాస్క్ పల్లె నుంచి మా మేనమామ బస్సు దిగి, తిన్నగా ఆఫీసులోకొచ్చి పడ్డాడు.

"ఏరా, కామియో ఏదిరా, నా లారీ? నా వంతని నిన్న చెరకంతా కొట్టి పడేశాను. ఎక్కించుకునే నాథుడు లేడు. రేపటికల్లా పులిసిపోతుంది!"

జాబితా తీశాను. నా చిల్లుని కొత్త మెషీను తీసివేత గుర్తనుకుంది. మామయ్య పేరుకెదురుగా మైనస్ ఆరు టన్నులు! మనవాళ్ళందరిదీ అదే గతి.

నిపుణుడు కళ్ళజోడు సవరించుకున్నాడు. "మెషీను తప్పు చెయ్యదు. దీని ప్రకారం ఫ్యాక్టరీయే ఇతనికి చెరకు పంపాలి."

మామయ్యకి తెలుగులో చెప్పాను.

"పంపమను! మా పెరట్లో దింపమను. మీ అత్త ఆరు టన్నులూ పచ్చడి పెడుతుంది."

ఆ మెషీనుతోపాటు ఇంకో కార్డుల కట్ట వచ్చింది. దాన్ని ముందుగా తినిపిస్తే కొత్తది అచ్చం పాతదానిలాగే నడుచుకుంటుంది. నిపుణుడు దాన్ని ముట్టనివ్వలేదు. ఇంత ఘనమైన యంత్రం ముసలిదాని వేషం కట్టడమా, పరువు తక్కువ కాదూ!

ఆయన భోజనానికి వెళ్ళాడు. సూప్ ఒక్కటే గంట తాగుతాడు. ఆ కట్ట ముందు పెట్టి, వెనకే మా పాత కార్డులన్నీ తినిపించాను. ఏనుగు గుటకలేసి, నత్తలా కదిలి, ఒక్క తప్పు లేకుండా జాబితా కక్కింది. వంతు తప్పినవాళ్ళలో మామయ్యే మొదటివాడు. వెంటనే ఫ్యాక్టరీకి ఫోన్ చేసి లారీ పంపించాను.

నిపుణుడు తిరిగొచ్చి, "ఇంత నెమ్మదిగా నడుస్తోందేం?" అన్నాడు.

"ఎండ కదండీ," అన్నాను.

సాయంత్రానికి మామయ్య చెరకు తూకానికెక్కింది. అర టన్ను ఎండకి హరించుకుపోయింది గాని, రసం పులవలేదు. ఆ అర టన్ను ఉసురు ఆ నిపుణుడికే తగులుతుందని మామయ్య ఇప్పటికీ అంటాడు. నేనూ కాదనను.