వదిన చేతికి కట్టని పట్టీ

గురువారం పొద్దున అన్న ఫోన్ చేసి "పోయింది" అన్నాడు. "అమ్మేనా?" అన్నాను. "అమ్మ కాదు. మీ వదినె."

అలా అనుకున్నది నేనొక్కదాన్నే కాదు. వదినను దవాఖాన నుంచి ఇంకా తేలేదు, ఈలోపు నాంపల్లి ఇంటికి వచ్చినవాళ్లంతా నేరుగా అమ్మ గదిలోకే పోయారు. క్యాన్సర్‌తో ఏడాదిగా మంచం మీదున్న అమ్మ కళ్లు తెరిచి చూస్తుంటే తెల్లబోయి బయటికొచ్చారు. తీరా వదినను తెచ్చి పడుకోబెట్టాక ఒక పెద్దావిడ, "గిప్పుడు ముసలామెను ఎవరు చూస్తరు?" అంది. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

మెదడులో నరం చిట్లిందట. బీపీ చాన్నాళ్లుగా ఎక్కువే ఉండాలి, ఎవరూ చూడలేదా అని డాక్టరు అడిగాడట. ఎవరు చూస్తారు? ఆ ఇంట్లో రోజూ మిషన్ పెట్టి అమ్మకు బీపీ చూసేది వదినే. ఏడాదిగా ఆమెకు కంటినిండా నిద్ర లేదు. అమ్మను లేపి లేపి నడుం పట్టేస్తే పాత చున్నీ బిగించి కట్టుకునేది. "సన్నబడి మంచిగున్నవు వదినె" అన్నాను ఒకసారి. ఆ నోటిని ఏం చేయాలి?

నా రెండు కాన్పులకూ నన్ను కనిపెట్టుకుని ఉన్నది ఆమే. ఆమెకున్న సరదా ఒక్కటే, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు. "చదువుడు కన్నా బేరమే మజా" అనేది. అమ్మ మంచాన పడ్డాక అదీ పోయింది. మేం పరామర్శకు వెళ్లేది ఆదివారమే కదా. నేను కాచిగూడ నుంచి బత్తాయిలు పట్టుకెళ్లి, వదిన పెట్టిన చాయ్ తాగి, "అమ్మ జర పైలం" అని ఆమెకే చెప్పి వచ్చేదాన్ని. ఒక్క ఆదివారమైనా "నేనుంటా, నువ్వు పోయి రా" అనలేదు. తలనొప్పి అన్నప్పుడు మాత్రం చూపించుకున్నావా అని అడిగాను.

"నాకేమైతదే, ఫికర్ జేయకు" అంది. నమ్మడం సులువు కాబట్టి నమ్మాను.

ఇప్పుడు అమ్మ దగ్గర నేనుంటున్నాను. నిన్న బీపీ మిషన్ తీశాను. అమ్మ పుల్లలాంటి చేతికి చుట్టి అంటించీ అంటించీ దాని పట్టీ ఆ ఒక్క చోటే నూగు లేచి అరిగిపోయింది. వదినకూ నాకూ జాకెట్ చేతుల కొలత ఒకటే. పట్టీని నా చేతికి చుట్టుకున్నాను. అంటుకున్న చోట అది కొన్ననాటి లాగే ఉంది.