లాండ్రీ షాపు పైన రెండు గదులు

ఈ మార్చిలో పంటి నొప్పితో డెంటిస్ట్ దగ్గర కూర్చుని ఉంటే ఒకావిడ వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. ఆమె కోటు విప్పగానే కర్పూరం, పుదీనా కలిసిన నొప్పి నూనె వాసన గుప్పుమంది. మనిళ్ళలో వాడే బామ్‌ల వాసన కాదు. ఇంకా ఘాటుగా ఉంటుంది, అడుగున ఎక్కడో కొబ్బరినూనె తగులుతుంది. ఫిలిప్పీన్స్ ఆడవాళ్ళు మెడకీ మోకాళ్ళకీ రాసుకునే నూనె అది. లోపలి నుంచి నా పేరు పిలిచారు. రెండోసారి పిలిచేదాకా నేను లేవలేదు. తెరెసిత పోయి అప్పటికి ఏడాది దాటింది. ఆ ఏడాదిలో ఆమె ముఖం నాకు సరిగా గుర్తుకురావడం మానేసింది కానీ, కెమెరా భుజాన వేసుకునే ముందు ప్యాంటు మడిచి మోకాళ్ళకి ఆ నూనె రాసుకునే తీరు మాత్రం అలాగే కళ్ళముందు ఉంది.

తెరెసిత పేరు మీరు విని ఉండరు. ఆమె మనీలాలో టీవీ రిపోర్టరుగా మొదలై పదిహేనేళ్ళు డాక్యుమెంటరీలు తీసింది. చెత్తకుప్పల మీద బతికే కుటుంబాలు, మునిగిపోయిన పడవలు, పరాయి దేశాలకు పనికి వెళ్ళి శవపేటికల్లో తిరిగొచ్చిన ఆడవాళ్ళు, ఇవీ ఆమె సినిమాలు. షికాగోలో నర్సుగా ఉన్న చెల్లెలు తల్లిని ఒక్కతే చూసుకోలేక రమ్మంటే వచ్చింది. తల్లి పోయాక కూడా ఉండిపోయింది. ఇక్కడ ఏ ఛానెలూ ఆమెకు ఉద్యోగం ఇవ్వలేదు. శనివారాలు ఫిలిప్పీన్స్ వాళ్ళ పెళ్ళిళ్ళు వీడియో తీసేది, మిగతా రోజులు అదే కెమెరాతో తన సినిమాలు తీసుకునేది. వాళ్ళ భాషలో అక్కని ‘ఆతె’ అంటారు. నేను ఆమెని ఆతె అనే పిలిచేదాన్ని. మా అమ్మాయి మాత్రం పేరు చివర సీతలా వినిపిస్తోందని సీతా ఆంటీ అనేది.

నేను ఆమెను కలిసింది 2004లో, షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో మా అపార్ట్‌మెంట్‌కి దగ్గరలోని కేబుల్ టీవీ సెంటర్‌లో. నేను డిపెండెంట్ వీసా మీద వచ్చినదాన్ని, ఉద్యోగం చేయడానికి వీల్లేదు. మా అమ్మాయి ప్రీస్కూల్‌కి వెళ్ళే మూడు గంటలు ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక అక్కడ ఉచితంగా నేర్పే వీడియో క్లాసులో చేరాను. క్లాసు చెప్పేది తెరెసితే. మొదటి రోజు ఆమె నా చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించి, చేతికి మైకు ఇచ్చి, ఒక ఖాళీ గదిలో నిమిషం సేపు కూర్చోమంది. బయటికొచ్చాక, “ఏం వినిపించింది?” అని అడిగింది. ఏమీ వినిపించలేదన్నాను. “మళ్ళీ వెళ్ళు” అంది. మూడోసారికి గోడ అవతల ఎవరో కుర్చీ జరపడం, హీటర్ గొట్టంలో గాలి, చివరికి నేను మింగిన గుటక కూడా వినిపించాయి. అవన్నీ చెప్పాను. ఆమె తల ఊపి, “నాకు సౌండ్‌కి మనిషి కావాలి. కానీ జీతం ఇవ్వలేను” అంది. “నాకు జీతం తీసుకునే పర్మిషన్ లేదు” అన్నాను. ఆమె నవ్వడం ఆ రోజే మొదటిసారి చూశాను. ఆ తర్వాత కూడా ఎక్కువసార్లు చూడలేదు.

రెండేళ్ళు ఆమె వెనకాల మైకు పట్టుకుని తిరిగాను. ఎవరినైనా ప్రశ్న అడిగాక వాళ్ళు మాట్లాడడం ఆపినా ఆమె తొందరపడేది కాదు. ఆ మౌనం మనకే ఇబ్బందిగా ఉండేంత వరకూ ఊరుకునేది. అసలు మాట అప్పుడే వచ్చేది. ఒకసారి కారులో, మనీలాలో అన్ని శవాలను ఎలా తీయగలిగావని అడిగాను. “అది కష్టం కాదు సుజా. బతికున్నవాళ్ళని తీయడమే కష్టం. మనం కెమెరా సర్దుకుని వచ్చేశాక మర్నాడు కూడా వాళ్ళు అక్కడే ఉండాలి కదా” అంది. నేను అప్పట్లో అలాంటి మాటలు ఇంటికెళ్ళి నోటుబుక్‌లో రాసుకునేదాన్ని. రాసుకుంటే నేర్చుకున్నట్టే అనుకునేదాన్ని.

ఆ తర్వాత ఆమె, వృద్ధులను చూసుకునే ఇళ్ళలో పనిచేసే ఫిలిప్పీన్స్ ఆడవాళ్ళ మీద సినిమా మొదలుపెట్టింది. బయటి నుంచి చూస్తే మామూలు ఇళ్ళే. ముందు పచ్చిక, గరాజు, పక్కింట్లో బాస్కెట్‌బాల్ ఆడుకునే పిల్లలు. లోపల ఆరుగురు మంచం పట్టిన ముసలివాళ్ళు, వాళ్ళకి అన్నీ చేసే ఇద్దరు ఆడవాళ్ళు. వాళ్ళలో ఎల్సా ఒకామె. వయసు యాభై దాటింది, షుగర్ ఉంది. వీసా గడువు దాటిపోయింది, పాస్‌పోర్టు యజమానురాలి దగ్గర ఉంది. వాషింగ్ మెషీన్ పక్కన మడతమంచం మీద పడుకునేది. సెలవు లేదు కాబట్టి బయటికి రాలేదు. యజమానురాలు ఊళ్ళో లేని ఒక మధ్యాహ్నం మేమే అక్కడికి వెళ్ళాం. మేడమ్ పేరు ఏమిటో ఎల్సా చెప్పబోతే తెరెసిత ఆపింది. “నాకు చెప్పకు. తెలిస్తే ఎక్కడో నోరు జారతాను.” ముఖం కనిపించకుండా వెలుగుకి వీపు పెట్టి కూర్చోబెట్టింది. కెమెరాలో కనిపించింది తువ్వాళ్ళు మడిచే రెండు చేతులే. ఎల్సా చాలాసేపు మాట్లాడింది. కూతురు నర్సింగ్ చదువుతోందని చెప్పింది. వచ్చినప్పటి నుంచీ ఒక్క ఆదివారం కూడా చర్చికి వెళ్ళలేదని చెప్పి, ఏదో అనబోతుండగా వంటింట్లో గడియారం మోగింది. గంటకో పిట్ట కూసే రకం గడియారం. ఆ పిట్ట సగం కూసి ఆగి, గొంతు సవరించుకున్నట్టు మళ్ళీ మొదటి నుంచి అందుకుంది. ఎల్సా మాట ఆపేసింది. చేతులూ ఆగాయి. హెడ్‌ఫోన్స్‌లో ఆ పిట్ట కూత స్పష్టంగా వినిపించింది. అంత మంచి శబ్దం నేను అంతవరకూ పట్టలేదు. సౌండ్ శుభ్రం చేసేటప్పుడు దాన్ని తీసేయడం ఎంతసేపు? నేను తీయలేదు.

ఆ సినిమా ఒక గురువారం సాయంత్రం మా ప్రాంతపు ఛానెల్‌లో వచ్చింది. ఆ ఆదివారం గుడి క్యాంటీన్‌లో తెలుగువాళ్ళ భోజనాలు. వడ్డిస్తున్నవాళ్ళలో వసుంధర ఆంటీ ఉన్నారు. మేము కొత్తగా వచ్చిన చలికాలంలో మా ముగ్గురికీ కోట్లు తెచ్చిచ్చిన మనిషి. వాళ్ళకి ఏవో బిజినెస్‌లు ఉన్నాయని తెలుసు కానీ ఏమిటో నేనెప్పుడూ అడగలేదు.

“మీ సినిమా చూశానమ్మా సుజాతా. చివర నీ పేరు కూడా వేశారు” అన్నారు.

“థాంక్స్ ఆంటీ” అన్నాను.

“ఆ గడియారం మా మనవరాలు కొన్నది. కింద పడ్డప్పటి నుంచీ నాలుగింటి పిట్ట అలాగే నత్తిగా కూస్తుంది. మార్చాలి, మార్చాలి అనుకుంటూనే ఉన్నాను.” గరిటెతో నా ప్లేట్‌లో పులిహోర పెట్టి, “ఇంకొంచెం వేసుకో” అన్నారు.

బయటికొచ్చి పార్కింగ్‌లో నిలబడి తెరెసితకి ఫోన్ చేశాను. ఆమెకి అప్పటికే సగం తెలుసు. ముందు రోజు పెళ్ళి తీస్తూ ఫోన్ సైలెంట్‌లో పెట్టి సంచిలో పడేసింది. సాయంత్రం చూసుకుంటే తెలియని నంబర్ నుంచి మూడు కాల్స్. తిరిగి చేస్తే ఎవరో ఎత్తి, ఇది బస్ స్టేషన్‌లో పబ్లిక్ ఫోన్ అన్నారు. మంగళవారం ఎల్సాయే ఫోన్ చేసింది, జైలు నుంచి. శనివారం పొద్దున ఆమె బ్యాగు తెచ్చి వరండాలో పెట్టారట. వేరే రాష్ట్రంలో ఉన్న పిన్ని కూతురి దగ్గరికి పోదామని బస్ స్టేషన్‌కి వెళితే అక్కడ ఇమిగ్రేషన్ వాళ్ళు కాగితాలు అడిగారు. ఎవరైనా చెప్పి పట్టించారో, మామూలు తనిఖీలోనే దొరికిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ జైలు మాకు రెండు గంటల దూరం, చుట్టూ మొక్కజొన్న పొలాలు. తెరెసితకి హైవే మీద నడపడం భయం కాబట్టి ప్రతి ఆదివారం నేను డ్రైవ్ చేసేదాన్ని. మా ఆయన మొదటివారం, “మన గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. నువ్వు వారం వారం వెళ్ళి జైలు రిజిస్టర్‌లో సంతకం పెట్టొస్తే ఎలా?” అన్నాడు. ఆయన భయం అర్థం లేనిది కాదు. అయినా వెళ్ళాను. మూడోవారం నుంచి శనివారమే కారులో పెట్రోలు నింపి ఉంచేవాడు.

అద్దం అవతల కూర్చుని ఎల్సా తన గురించి పెద్దగా చెప్పేది కాదు. కాలి బొటనవేలికి పుండు పడిందని, మందు సరిగా ఇవ్వడం లేదని నాలుగుసార్లు అడిగాక చెప్పింది. మొదటి రోజు ఆమె మాట్లాడిందంతా తను చూసుకునే పెద్దావిడ గురించే. “ఆమెకి నీళ్ళలో పొడి వేసి చిక్కగా కలిపి ఇవ్వాలి. పల్చటి నీళ్ళు తాగితే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కొత్తగా వచ్చినామెకి తెలియదేమో. ఎవరైనా చెప్పండి.” ఇంటికొచ్చి వసుంధర ఆంటీకి నేనే ఫోన్ చేశాను. ఆ పెద్దావిడకి నీళ్ళు చిక్కగా కలిపి ఇవ్వాలట ఆంటీ అన్నాను. “ఎవరు చెప్పారు?” అన్నారు. ఎల్సా అన్నాను. ఫోన్ పెట్టేశారు. ఆ తర్వాత నేను ఆమెతో మాట్లాడలేదు.

నాలుగు నెలల తర్వాత ఎల్సాని వాళ్ళ దేశానికి పంపేశారు. అక్కడికి వెళ్ళేసరికి పాదం సగం తీసేయాల్సి వచ్చింది. కూతురి చదువు ఆగింది. అదే సమయంలో ఆ సినిమాకి ఏదో బహుమతి ఇస్తామని తెరెసితకి ఉత్తరం వచ్చింది. ఆమె ఒక్క వాక్యంలో జవాబు రాసి పోటీ నుంచి సినిమాని వెనక్కి తీసుకుంది. మళ్ళీ ఎక్కడా చూపించలేదు. ఆ తర్వాత పెళ్ళిళ్ళు తప్ప ఇంకేమీ తీయలేదు.

ఆ పెళ్ళిళ్ళ మీద వచ్చినదానితోనే ఒక లాండ్రీ షాపు పైన రెండు గదులు అద్దెకి తీసుకుంది. కింద డ్రైయర్లు తిరుగుతుంటే పైన నేల వెచ్చగా ఉండేది. యజమానులు గెంటేసిన ఆడవాళ్ళు, పారిపోయి వచ్చినవాళ్ళు ఎన్నాళ్ళయినా ఉండొచ్చు. ఆ గదుల కోసం కొన్న ఫోన్‌ని ఆమె ఒక్కరోజు కూడా సైలెంట్‌లో పెట్టలేదు. పెళ్ళి జరుగుతుండగా మోగినా కెమెరా నాకిచ్చి బయటికి వెళ్ళి ఎత్తేది. వచ్చినవాళ్ళని మొదటి రోజు ఏమీ అడగకూడదు. గదుల్లో కెమెరా తీయకూడదు. ఒకసారి ఒక పెద్ద ఛానెల్ అమ్మాయి వచ్చి, ఈ కథలు ప్రపంచానికి తెలియాలి కదా, మీరూ జర్నలిస్టే కదా అని బతిమాలింది. “తెలియాలి. ఇక్కడ మాత్రం కాదు” అని తెరెసిత ఆ అమ్మాయికి టీ ఇచ్చి పంపేసింది. ఒక లాయరు సాయంతో కొందరికి కాగితాలు వచ్చాయి. కొందరు వెనక్కి పోయారు. ఒకామె మూడు రోజులుండి, పిల్లల ఫీజులని ఏడ్చి, పారిపోయి వచ్చిన ఇంటికే తిరిగి వెళ్ళింది. తెరెసిత ఆమెను ఆపలేదు. బస్సు కదిలేదాకా నిలబడి చూసింది.

2013 చివర్లో ఆమెకి కడుపులో కాన్సర్ అని తెలిసింది. అప్పటికే చాలా ఆలస్యమైంది. చెల్లెలి ఇంటికి వెళ్ళనంది. ఆ గదుల్లోనే, తను చేరదీసిన ఆడవాళ్ళ చేతుల్లోనే ఉంది. వాళ్ళకి అది చేతనైన పని. వీపు పుండ్లు పడకుండా ఎప్పుడు తిప్పాలో, ఎలా ఎత్తాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక మధ్యాహ్నం నేనొక్కదాన్నే పక్కన ఉన్నప్పుడు, ఏళ్ళ తరబడి చెప్పలేకపోయినది చెప్పాను. “ఆతె, ఆ పిట్ట కూత నేను తీసేయగలిగేదాన్ని. విన్నాను. బాగుందని ఉంచేశాను.”

ఆమె కళ్ళు తెరవలేదు. “నేనూ విన్నాను” అంది.

“ఎప్పుడు?”

“ఎడిటింగ్‌లో. పిట్ట ఆగిన చోటే ఎల్సా ఆగింది. అంత మంచి షాట్ నాకు ఎప్పుడూ దొరకలేదు. తీసేద్దామని ఒకసారి అనిపించింది. మళ్ళీ అనిపించకుండా చూసుకున్నాను.”

“ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు బాధపడుతున్నావని తెలుసు. చెబితే నువ్వు నన్ను వేరేగా చూస్తావనుకున్నాను.”

నాకు ఊరట కలిగిందని రాయాలని ఉంది. నిజానికి కోపం వచ్చింది. నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్న బరువులో సగం ఆమెదని తెలిసి కూడా అది తేలిక కాలేదు. మంచినీళ్ళు కావాలంది, ఇచ్చాను. మోకాళ్ళకి నూనె రాయమంది, రాశాను. పది రోజులకి పోయింది.

కబురు చెప్పడానికి ఎల్సాకి వీడియో కాల్ చేశాను. వాళ్ళ ఊళ్ళో చిన్న కొట్టు పెట్టుకుంది, కుర్చీలో కూర్చుని అమ్ముతుంది. చాలాసేపు ఏడ్చింది. ఆమె కాస్త తేరుకున్నాక, ఇక దాచడం చేతకాక గడియారం సంగతి చెప్పేశాను. ఇద్దరం విన్నామని, ఇద్దరం ఉంచేశామని చెప్పాను.

“నేనూ విన్నాను కదా. అందుకే మాట ఆపాను. నాలుగైంది, మందులివ్వాలి అనుకున్నాను. తర్వాత, ఇది టీవీలో వస్తుందేమో అని కూడా అనుకున్నాను” అంది ఎల్సా. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. “మీ పని మీకు తెలుసు కదా, తీసేస్తారులే అనుకున్నాను.”

ఆ గదులను ఇప్పుడు అక్కడ ఉండి వెళ్ళిన ఆడవాళ్ళే నడుపుతున్నారు. ఫోన్ వంతులవారీగా తిరుగుతుంది, మూడు నెలలకోసారి నా దగ్గరికి వస్తుంది. నాకు పని చేసుకునే అనుమతి వచ్చాక ఒక లైబ్రరీలో చేరాను. ఎప్పుడో వలస వచ్చిన పెద్దవాళ్ళ మాటలు రికార్డు చేసి భద్రపరచడం నా ఉద్యోగం. మాట్లాడడం పూర్తయ్యాక హెడ్‌ఫోన్స్ వాళ్ళ చెవులకి తగిలించి, మొదటి నుంచి చివరిదాకా వినమంటాను. మాటలే కాదు, వెనకాల ఏముందో కూడా వినమంటాను. ఏది వద్దంటే అది తీసేస్తాను. చాలామందికి విసుగు. మొన్న ఒక రిటైర్డ్ డాక్టరుగారు హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టి, “ఎందుకమ్మా ఇదంతా, నువ్వు బాగానే చేసి ఉంటావులే. నీ మీద నాకు నమ్మకం ఉంది” అన్నారు.

“నన్ను నమ్మకండి అంకుల్. ఒకసారి వినండి” అన్నాను.